మూడున్నర మైళ్ళ కాలువ

మేముండే ఫ్రిస్కోలో ఎటు చూసినా ఒంటి నక్షత్రమే. జెండాల మీద, ఆఫీసుల గుమ్మాల మీద, బార్బెక్యూ హోటళ్ళ బోర్డుల మీద, ఆఖరికి పెరటి కంచెకు తగిలించుకునే ఇనప బొమ్మల్లో కూడా అదే. 1839లో, టెక్సస్ ఒక స్వతంత్ర దేశంగా ఉన్న రోజుల్లో, ఎంచుకున్న జెండా అది. అందుకే ఈ రాష్ట్రానికి లోన్ స్టార్ స్టేట్ అని పేరు. అయితే ఒకప్పుడు అమెరికాలో కొంతమంది నోట లోన్ స్టార్ అంటే టెక్సస్ కాదు, మన నెల్లూరు! ఈ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళకు కూడా.

ఆ కథ ఇది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. పదమూడేళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో వాళ్ళ సంఘం వార్షిక సభ జరిగినప్పుడు నెల్లూరు మిషన్‌ను మూసెయ్యాలా వద్దా అన్న చర్చ వచ్చింది. గోడ మీద మ్యాపులో బర్మా నిండా మిషను కేంద్రాలకు గుర్తుగా నక్షత్రాలున్నాయి. బంగాళాఖాతానికి ఇవతల, నెల్లూరు దగ్గర, ఒకే ఒక్కటి. ఒక వక్త దాన్ని 'ఒంటి నక్షత్రం' అన్నాడు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు ఆ మాట పట్టుకుని రాత్రికి రాత్రి ఒక గీతం రాశాడు. మిషను నిలబడింది. ఈ స్మిత్ ఎవరో కాదు, అమెరికా పిల్లలు బడిలో నేర్చుకునే 'అమెరికా' అనే దేశభక్తి గీతాన్ని 1831లో రాసినాయనే. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోకపోతే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగాదా మీద అమెరికన్ బాప్టిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. పంపవచ్చన్న దక్షిణాది వాళ్ళు విడిగా సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. నెల్లూరు మిషన్ ఉత్తరాది వాళ్ళ చేతిలో ఉండిపోయింది. టెక్సస్‌లో బానిసలకు విముక్తి కలిగిందన్న ప్రకటన 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో చదివారు. అంతవరకూ ఇక్కడి పొలాల్లో బానిసలను పెట్టుకున్న దొరలూ ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళినవాళ్ళే, అదే బైబిలు చదివినవాళ్ళే. తమ తప్పును ఒప్పుకుని సదరన్ బాప్టిస్టులు క్షమాపణ తీర్మానం చేసింది 1995లో. అంటే ఒకే పుస్తకం ఒకడి చేత సంకెళ్ళు వేయిస్తుంది, ఇంకొకడి చేత తెంచిస్తుంది. కాబట్టి ఎవరి విశ్వాసం గొప్పదని తూచడం కంటే, ఆ విశ్వాసం ఊరి వ్యవహారాల్లోకి, కూలి లెక్కల్లోకి దిగినప్పుడు ఏం చేసిందన్నది చూడడం మేలు. అలా చూడడానికి ఒంగోలుకు మించిన చోటు నాకు కనబడలేదు.

ఆ 1865లోనే జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడు నెల్లూరు చేరాడు. పాస్టరు కావడానికి ముందు ఆయన సర్వేయరు. మిన్నెసోటా అడవుల్లో గొలుసులు పట్టుకుని ప్రభుత్వం కోసం భూములు కొలిచినవాడు. 1866లో ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న అక్కడ చర్చి మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

కానీ ఈ కథకు అసలు నాయకుడు క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట నలభై మైళ్ళ దూరంలో ఉన్న తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. అంతకు ముందే ఒక యోగ గురువును ఆశ్రయించి సాధన చేసినవాడు. ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు, తిరిగొచ్చి 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ జీతమిచ్చి నియమించకుండానే తన చుట్టాల పల్లెలన్నీ తిరిగాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్ళేసరికి ఇరవై ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. దొర వచ్చి మార్చాడని మనం అనుకుంటాం. నిజానికి దొర వచ్చేసరికి పని చాలావరకు అయిపోయింది.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఒంగోలులో క్లౌ బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు, పెద్దలు ఇంటికి వచ్చి మాట్లాడుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్ళు తేల్చి చెప్పారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య హారియెట్ వేరు వేరు గదుల్లో బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలిందనీ క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవాళ్ళను దేవుడు ఎంచుకున్నాడన్న భావం ఉన్న భాగం అది. దీన్ని దైవసంకల్పం అనుకోండి, కాకతాళీయం అనుకోండి, క్లౌ మాదిగల పక్షాన నిలబడ్డాడు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతం మాటల్లాగా ఉంటాయి. కానీ ఆనాటి ఊరి ఏర్పాటు తెలిసినవాళ్ళకు వీటి బరువు తెలుస్తుంది. చచ్చిన గొడ్డును మోసుకుపోవాల్సింది మాదిగ. జాతరలో డప్పు కొట్టాల్సింది మాదిగ. చెప్పులు, మోటకు తోలుబానలు కుట్టివ్వాల్సింది, కోతల్లో పిలిస్తే ఏ రోజైనా రావాల్సింది మాదిగ. వారానికి ఒక రోజు రానని చెప్పడం, జాతరలో డప్పు ముట్టనని చెప్పడం అంటే వెట్టిని కాదనడమే. అందుకే ఊళ్ళు ఊరుకోలేదు. పనులు ఆపేశారు, నీళ్ళు కట్టేశారు, దొంగకేసులు పెట్టారు. కొత్త క్రైస్తవులు కలెక్టరు కచేరీ మెట్లెక్కడం, కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. పౌరుడంటే ఎవరో రాజ్యాంగం రావడానికి ఎనభై ఏళ్ళ ముందే వాళ్ళు అలా తెలుసుకోవడం మొదలుపెట్టారు.

అంతలో కరువు వచ్చింది.

1876లో వానలు పోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద 55 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. మద్రాసు రాజధానిలో దెబ్బ మరీ ఎక్కువ. పొదుపు చెయ్యమని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకు తగ్గించాడు. ఆ తిండితో మట్టి తవ్వేవాడు బతకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ ఏడాదే కూలిని కొంత సవరించవలసి వచ్చింది. ఆకలిగొన్న మనిషి కూలిని ఎంతదాకా తగ్గించవచ్చో ప్రయోగం చేసి చూసిన కాలం అది.

కరువు పనుల్లో పెద్దది బకింగ్‌హామ్ కాలువ. మద్రాసు దగ్గర 1806లో మొదలైన ఉప్పునీటి కాలువను కోస్తా వెంబడి పొడిగించి ఉత్తరాన కృష్ణా కాలువలతో కలిపే పని. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు దానికి పెట్టారు. అక్కడ పనికి వెళ్ళిన మాదిగలకు కొత్త కష్టం ఎదురయింది. మేస్త్రీలందరూ పై కులాలవాళ్ళు. కొలతలో కోత, కూలిలో కోత, నోరెత్తితే దెబ్బ. నా ఉద్యోగం కన్సల్టింగు కాబట్టి నాకు ఈ సంగతి వేగంగా అర్థమయింది. పని చేసేవాడికీ డబ్బిచ్చేవాడికీ మధ్య ఎన్ని లేయర్లుంటే చేతికొచ్చేది అంత తరుగుతుంది. మనకు తరిగేది బిల్లింగ్ రేటు. వాళ్ళకు తరిగింది ప్రాణం.

క్లౌ చేసిన పని ఇక్కడే ఉంది. ఆయన అన్నదాన సత్రం తెరిచి ఊరుకోలేదు. ప్రభుత్వం దగ్గర మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కనుక కొలతలు తానే చూసుకోగలడు. రాజుపాలెం దగ్గర క్యాంపు వేశాడు. తాటాకు గుడిసెలు వేయించాడు, బావులు తవ్వించాడు. మేస్త్రీలుగా తన దగ్గరి బోధకులను పెట్టాడు. అంటే మాదిగ కూలీలకు మాదిగ మేస్త్రీలు! తవ్విన మట్టికి తవ్వినంత లెక్క కట్టి కూలి చేతిలో పెట్టారు. ఈ మాట చుట్టుపక్కల జిల్లాల్లో పాకింది. క్రైస్తవులు, కానివాళ్ళు, మాదిగలు, ఇతరులు వేల మంది వచ్చారు. కలరా వచ్చింది, మనుషులు పోయారు, పని మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ మేస్త్రీలు కూలీల పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు. కూలీ తన జీవితంలో మొదటిసారి తనను తిట్టని మేస్త్రీని చూశాడు.

ఇక రెండో సంగతి. కరువు పనులు, సాయం పంపకం జరుగుతున్న ఆ కాలంలో సుమారు పదిహేను నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇస్తే అమెరికాలో రిపోర్టులు ఘనంగా ఉండేవి. అయినా ఆపాడు. తిండి కోసం వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో తేలకుండా పేర్లు రాసుకోనన్నాడు. మస్టరు రోలు వేరు, చర్చి రిజిస్టరు వేరు.

1878 వేసవి చివరికి సాయం డబ్బులు ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదని పల్లెలకు కబురు పంపారు. అప్పుడు జనం వచ్చారు! ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర చేరారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నదిలో దిగి బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవాళ్ళు తొమ్మిది వేలు దాటారు. ఒంగోలు చర్చిని ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు చర్చిగా చెప్పుకున్నారు.

వీళ్ళను 'బియ్యం క్రైస్తవులు' అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆ వాదన తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. బియ్యం అయిపోయాయని తెలిసిన తర్వాత వచ్చినవాణ్ణి బియ్యం కోసం వచ్చాడని ఎలా అంటాం? ఒకవేళ మర్యాద కోసం వచ్చాడనుకుందాం. తిట్టని మేస్త్రీ కోసం, సరిగ్గా కొలిచిన మట్టి కోసం, తన పిల్లవాడు పలక పట్టుకోవడం కోసం వచ్చాడనుకుందాం. అది తక్కువ కారణమా?

ఈ కథ ఒంగోలులో ఆగిపోలేదు. 1882లో ఎమ్మా రౌషెన్‌బుష్ అనే జర్మన్ అమెరికన్ యువతి తెలుగు మిషనుకు వచ్చింది. తర్వాత స్విట్జర్లాండులోని బెర్న్‌లో చదువుకుని, స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు పరిశోధన చేసింది. హారియెట్ 1893లో మరణించగా, మరుసటి ఏడు క్లౌను పెళ్ళి చేసుకుంది. మాదిగల జీవితాల మీద, వాళ్ళు చెప్పిన కథల మీద 1899లో 'వైల్ సూయింగ్ శాండిల్స్' అనే పుస్తకం తెచ్చింది. చెప్పులు కుట్టే వేళ చెప్పుకునే కథలు అని అర్థం. 1910లో క్లౌ పోయాక, ఆయన జీవితకథను ఆయన నోటి మాటగా రాసి 1914లో అచ్చు వేయించింది. దాని పేరు 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'.

ఆ పేరులో 'సోషల్' అన్న మాట ఊరికే రాలేదు. ఎమ్మా తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేదల పేట పక్కన పాస్టరుగా పనిచేసి, పస్తులతో, రోగాలతో పోయిన పసిపిల్లల అంత్యక్రియలు చేసి చేసి, పాపమంటే మనిషి లోపల ఉండేది మాత్రమే కాదు, కూలి రేట్లలో, ఇంటి అద్దెల్లో, చట్టాల్లో కూడా ఉంటుందని తేల్చుకున్నవాడు. 1907లో 'క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్' రాశాడు. అమెరికాలో సోషల్ గాస్పెల్ అనే ఉద్యమానికి అది మూలగ్రంథాల్లో ఒకటి. విశేషం ఏమిటంటే, కుర్రతనంలో ఈ వాల్టర్ నెల్లూరు దగ్గరి రామపట్నంలోని తెలుగు సెమినరీకి రావలసినవాడు. పాత నిబంధన గురించి ఆయన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని పంపలేదు. అక్క కాలువ ఒడ్డు మనుషుల మధ్య, తమ్ముడు న్యూయార్క్ పేటలో, ఇద్దరూ ఒకే ప్రశ్న దగ్గరకు చేరారు.

వాల్టర్ పుస్తకాన్ని నాలుగు దశాబ్దాల తర్వాత ఒక నల్లజాతి యువకుడు సెమినరీలో చదివాడు. అది తన ఆలోచన మీద చెరగని ముద్ర వేసిందని 1958లో రాసుకున్నాడు. ఆయన మార్టిన్ లూథర్ కింగ్. వాల్టర్ ఆశావాదాన్ని ఆయన విమర్శించాడు కూడా. 1959లో కింగ్ మన దేశం వచ్చాడు. కేరళలో ఒక దళిత పిల్లల బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను సాటి అంటరానివాడిగా పరిచయం చేశాడనీ, మొదట మనసు చివుక్కుమన్నా తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ 1965 జూలై 4న ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. 1963లో వాషింగ్టన్ సభలో ఆయన ఎత్తుకున్న దేశభక్తి గీతం ఎవరిదో చెప్పనక్కరలేదు. నెల్లూరు కోసం రాత్రికి రాత్రి గీతం రాసిన ఆ స్మిత్‌దే. ఒంగోలు మాదిగల నుంచి కింగ్ దాకా తిన్నటి గీత గీసెయ్యడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఒకే కుటుంబం, ఒకే సంఘం, ఒకే చర్చ మధ్యలో ఉన్నాయన్నది నిజం. మనం అమెరికాకు వీసాలు పట్టుకుని రావడానికి ఎంతో ముందే మన ఊరి చెప్పులు కుట్టేవాళ్ళ కథలు ఈ దేశం చేరాయి.

మరి ఆ తర్వాత ఒంగోలు సీమలో అంతా బాగుపడిందా? లేదు. చుట్టాల ద్వారా, పల్లెపల్లెగా కదిలిన ఉద్యమం కావడంతో ఇక్కడి బాప్టిస్టు చర్చి ఎక్కువగా మాదిగల చర్చి అయింది. గుంటూరు వైపు లూథరన్ చర్చి ఎక్కువగా మాలలది. కులం చెప్పులు గుమ్మం బయట విడిచి, తాను మాత్రం లోపలికి వచ్చి కూర్చుంది. బయట సంగతి సరేసరి. ఇదే మిషను ప్రాంతంలో చీరాల దగ్గర కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు పాడుచెయ్యవద్దని అడిగిన దగ్గర మొదలైన గొడవ అది. ఆ నెత్తుటి నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు దళిత మహాసభను నిర్మించారు. మాదిగ దండోరా 1994 జూలై 7న మొదలైంది కూడా ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలోనే. కాలువ తవ్వినవాళ్ళ మునిమనవళ్ళు ఈసారి దొర లేకుండానే లెక్క అడిగారు.

చట్టం సంగతి ఇంకో ముడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో వాళ్ళు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ దగ్గర ఉండిపోయారు. ఈ హోదా ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. దీని మీద రెండు వైపులా వాదనలున్నాయి. కానీ మతం మారితే ఊళ్ళో కులం మారిందా అని వెల్లంపల్లిలోనో కారంచేడులోనో అడిగితే జవాబు చెప్పడానికి కమిషన్ అక్కరలేదు.

ఇదంతా ఫ్రిస్కోలో కూర్చుని ఎందుకు? 2000లో 33 వేల జనాభా ఉన్న ఈ ఊరు 2020కి రెండు లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో మనవాళ్ళ వాటా తక్కువేమీ కాదు. మనకిక్కడ గుళ్ళున్నాయి, తెలుగు చర్చిలున్నాయి, సంఘాలున్నాయి, దానగుణమూ ఉంది. ఇంత సంపన్నమైన ఊళ్ళో కూడా ఇంట్లో సరుకులు నిండుకున్న కుటుంబాల కోసం ఫ్రిస్కో ఫ్యామిలీ సర్వీసెస్ అనే సంస్థ ఫుడ్ ప్యాంట్రీ నడుపుతోంది. అక్కడ డబ్బాలు సర్దడానికి మన పిల్లలు వెళుతున్నారు. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికైనా సరే, మంచిదే. అయితే క్లౌ క్యాంపు మన ముందు పెట్టే ప్రశ్న డబ్బాలతో తీరేది కాదు. మన ఇళ్ళకు కప్పు వేసే మెక్సికన్ కూలీకి కాంట్రాక్టరు ఎంతిస్తున్నాడు? జూలై ఎండలో ఆ కప్పు మీద అతనికి నీళ్ళిచ్చేదెవరు? సిటీ ఎన్నికల్లో తక్కువ అద్దెల ఇళ్ళ మాట వస్తే, మన ఇంటి విలువ తగ్గుతుందేమోనని మనం ఎటు చెయ్యెత్తుతున్నాం?

దేశంలో మన సొంత ఊళ్ళకు పంపే డబ్బు సంగతి కూడా అంతే. మనమంతా కలిసి ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తాం. ప్రారంభోత్సవం ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి. మంచి పనే, సందేహం లేదు. తర్వాతి ఫోన్ కాల్‌లో ఊళ్ళో వాళ్ళను ఈ మూడు విషయాలు అడిగి చూడండి. ప్లాంటు ఊరికి ఏ వైపున కట్టారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పల్లె నుంచి బిందె పట్టుకుని వచ్చిన మనిషి వరసలో ఎక్కడ నిలబడుతోంది?